బుధవారం ఈల

హైదరాబాద్
అక్టోబరు 18, 2024

మామయ్యా,

బస్సెక్కినప్పటి నుంచి నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. నువ్వు ఎత్తవు. ఎత్తినా "ఆ, సరే సరే, అత్తకిస్తన్నా" అని మాణిక్యమ్మ అత్త చేతిలో పెట్టేస్తావు. రెంటచింతలలో టవరు అందదని నాకు కబుర్లు చెప్పకు. అదే ఫోన్లో అత్త గంటసేపు మాట్లాడుతుంది. ఉత్తరమైతే నువ్వు రెండుసార్లు చదువుతావని అమ్మ చెప్పింది, అందుకే రాస్తున్నాను. నేను కవరు మీద అడ్రసు రాస్తుంటే హాస్టల్లో మా రూమ్మేట్లు వింతగా చూస్తున్నారు.

ఈ మీడియా, సినిమా కోర్సులో చేరాక ఇదే మా మొదటి అసైన్‌మెంటు అని చెప్పాను కదా. సౌండ్ పాఠం చెప్పే ఫరీద్ సార్ ఒకటే షరతు పెట్టారు. మూడు నిమిషాల సినిమా. మాటలు వద్దు, పాటలు వద్దు. ఏ బొమ్మ తీసినప్పుడు ఏ చప్పుడు వినపడిందో అదే ఉండాలి. క్లాసులో అందరూ రైల్వే స్టేషన్లకూ టీ కొట్లకూ పోయారు. నేను దసరా సెలవుల్లో నీ క్వారీకి వచ్చాను.

బుధవారం క్రషర్ తీశాను, బ్లాస్టింగ్ ముందు నువ్వు ఎర్రజెండా ఎత్తి ఈల ఊదడం తీశాను. శుక్రవారం ఆయుధపూజ. డ్రిల్లింగ్ మిషన్‌కూ సుత్తులకూ పసుపు పూశాక నీ మెడలో ఈలకు కూడా పూశావు చూడు, ఆ షాట్ వచ్చినప్పుడు క్లాసంతా "అబ్బ" అంది. మొదటిసారి పూసింది కెమెరాలో సరిగ్గా పడలేదని నేను మళ్లీ పూయించాను, గుర్తుందా? డైరెక్టరు మాట వినాలి మరి! సోమవారం మళ్లీ జెండా, ఈల, పేలుడు తీశాను. దుమ్ము లేవగానే కెమెరా మీద నీ తువ్వాలు కప్పి, రోడ్డెక్కి, ఎదురుగా వచ్చిన బస్సు పట్టుకున్నాను. చెప్పకుండా వచ్చేశానని కోపమా? అది తప్పితే సాయంత్రం దాకా ఇంకో బస్సు లేదు.

ఎడిటింగ్‌లో ఒకచోట చిన్న చిక్కు వచ్చింది కానీ సర్దుకున్నాను. ఈ రోజు క్లాసులో వేశారు. "ఈలకూ పేలుడుకూ మధ్య ఆ ఖాళీలో నేను ఊపిరి పీల్చలేదు" అన్నారు ఫరీద్ సార్. మామయ్యా, నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. సంతోషంతోనే లే.

అత్త ఫోనుకు పంపాను. క్వారీలో అందరికీ చూపించు. బీటెక్ సీటు వదిలేసి కెమెరా పట్టుకుందని ఇప్పటికీ గొణుగుతున్న నాన్నకూ చూపించు. ఆయన్ను ఒప్పించి నన్ను ఇక్కడ చేర్పించింది నువ్వు. ఇది నీ సినిమా.

నీ డైరెక్టరు,
వెన్నెల


రెంటచింతల
అక్టోబరు 23

మా డైరెక్టరు వెన్నెలకు,

ఉత్తరం అందింది, సినిమా కూడా అందింది. నా బుగ్గలు అంత ఉబ్బుతాయని నాకు తెలియదు. మీ అత్త నాలుగుసార్లు చూసి నాలుగుసార్లూ నవ్వింది.

నవ్వింది కానీ, ఇంట్లో నవ్వే రోజులు కావివి. నువ్వు బస్సెక్కిన సోమవారమే ఇక్కడ ఘోరం జరిగింది. నీ చదువు చెడుతుందని నీకు చెప్పొద్దని మీ అమ్మతో నేనే ఒట్టు వేయించుకున్నాను. టిప్పర్ తోలే మౌలాలీ గుర్తున్నాడా? నిన్ను బండి పైకెక్కించి షాట్ తీయించాడు. పేలుడు వేళకు అతను బండి వెనక కూర్చుని టైరు బోల్టులు బిగిస్తున్నాడట. అక్కడికి ఎర్రజెండా కనపడదు, ఈల ఒక్కటే దిక్కు. బండరాయి వచ్చి కుడికాలి మీద పడింది. గుంటూరు తీసుకెళ్లారు. మోకాలి కిందికి తీసేశారు.

ఆస్పత్రిలో కళ్లు తెరిచి అతనన్న మొదటి మాట "ఈల రాలేదు" అని. అతనూ నేనూ పదిహేనేళ్లుగా ఒకే మోటార్ సైకిల్ మీద పనికి పోయిన మనుషులం. సూపర్‌వైజర్ నరసింహారావు నన్ను షెడ్డులోకి పిలిచి, "ఊదావా లేదా, అది చెప్పు త్రికోటీ. ఊదకపోతే నువ్వు పోతావ్. ఊదితే తప్పు ఆడిది" అన్నాడు. ఊదాను. ఇరవై రెండేళ్లుగా ఊదుతున్నవాడికి తను ఊదింది లేనిదీ తెలియదా? కూలీలను అడిగితే జెండా చూసి పరిగెత్తామన్నారు. ఈల విన్నామని మాత్రం ఒక్కడూ గట్టిగా చెప్పలేకపోయాడు.

సరిగ్గా అప్పుడు నీ సినిమా వచ్చింది. అందరూ ఫోను చుట్టూ మూగి చూశారు. ఈల స్పష్టంగా ఉందన్నారు. నరసింహారావు అప్పటికప్పుడే కాపీ చేసుకున్నాడు. నవంబరు 11న గనుల శాఖ ఆఫీసరు విచారణకు వస్తున్నారు. ఈల వేసినా కదలకుండా కూర్చున్నాడు కాబట్టి తప్పు మౌలాలీదేనని యజమాని నీ సినిమానే చూపిస్తాడట. అలా తేలితే అతనికి క్వారీ నుంచి ఏ సాయమూ అందదు. నాకు మాత్రం ఏ మచ్చా ఉండదు.

నన్ను కాపాడావు తల్లీ. సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. నిన్న మౌలాలీ భార్య హీనా వచ్చింది. దసరాకు మనం బొబ్బట్లు పెట్టి పంపిన గిన్నె కడిగి తెచ్చి, గడప మీద పెట్టి, లోపలికి చూడకుండా వెళ్లిపోయింది. మీ అత్త "హీనా, హీనా" అంటూ సందు చివరిదాకా పరిగెత్తిందట.

బాగా చదువుకో.
నీ మామయ్య,
త్రికోటేశ్వరరావు


హైదరాబాద్
అక్టోబరు 28

మామయ్యా,

నీ ఉత్తరం చదివాక అన్నం తినలేకపోయాను. మౌలాలీ బాబాయికి అంత జరిగితే నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాటలు విన్నాను.

నీకో నిజం చెప్పాలి. పూర్తిగా చదివి అప్పుడు తిట్టు. సినిమాలో నువ్వు విన్న ఈల సోమవారానిది కాదు. బుధవారానిది.

ఎడిటింగ్‌లో చిక్కు వచ్చిందని రాశాను కదా, అదే ఇది. సోమవారం షాట్‌లో నీ చేతిలో జెండా ఉంది, నోట్లో ఈల ఉంది, బుగ్గలు ఉబ్బాయి. చప్పుడు లేదు. మైకు ఎక్కడో పొరపాటు చేసిందనుకున్నాను. బుధవారం ఈల శుభ్రంగా రికార్డయి ఉంది. దాన్ని తెచ్చి సోమవారం బుగ్గల కింద అతికించాను. ఫరీద్ సార్ షరతు తప్పానని తెలుసు. ఎవరికీ తెలియదులే అనుకున్నాను. నేను అక్కడే ఉన్నాను కదా, నాకు వినపడలేదా అని నువ్వడుగుతావు. నా కన్ను కెమెరాలో ఉంది, పక్కన క్రషర్ రొద. బుగ్గలు చూసి ఈల విన్నాననుకున్నాను. జెండా చూసి పరిగెత్తిన కూలీలు కూడా అలాగే అనుకుని ఉంటారు.

నిన్న ఆ క్లిప్పు పదిహేనుసార్లు విన్నాను. నేను నీకు పది అడుగుల దూరంలో ఉన్నాను. ఇంకోటి కూడా విన్నాను. షాట్‌కు ముందు నిన్ను వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. "మామయ్యా, ఇటు చూడు" అని. మూడోసారి అరిచాను. నువ్వు తిరగలేదు.

ఒక్కటే అడుగుతున్నాను, నా మీద ఒట్టు. ఆ రోజు ఈల నిజంగా ఊదావా? తొందరలో నోట్లో పెట్టుకుని ఊరుకున్నావా? ఏదైనా సరే నాకు చెప్పు. ఆ ఆఫీసరుకు అసలు క్లిప్పు ఇవ్వాలి మామయ్యా. నేను అతికించిన ఈలవల్ల, మౌలాలీ బాబాయి కాలు పోవడం ఆయన తప్పేనని తేలిపోతుంది.

వెన్నెల


రెంటచింతల
నవంబరు 1

వెన్నెలకు,

నోట్లో పెట్టుకుని ఊరుకున్నానా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? నేను ఈల ఊదడం మొదలుపెట్టేనాటికి నువ్వు పుట్టలేదు. ఎండ నలభై ఏడు దాటినా, జ్వరం వచ్చినా, మా నాయన పోయిన పదకొండో రోజునా ఊదాను. మనుషుల ప్రాణాలు నా ఊపిరి మీద ఉన్నాయని తెలిసి ఊదాను. రెండు నెలలు పాఠాలు విని నువ్వు నాకు పరీక్ష పెడుతున్నావు.

నీ మైకు చెడిపోయి ఉంటుంది. అంతే సంగతి. బుధవారం ఊదినవాడు సోమవారం ఊదడా? నువ్వు అతికించిన దాంట్లో అబద్ధమేమీ లేదు. నేను ఊదాను, నువ్వు వినిపించావు. ఆ పాత క్లిప్పు తీసెయ్. పదకొండో తారీకు దాటేదాకా క్వారీ ఊసు ఎత్తకు. నువ్వు పిలిస్తే తిరగలేదంటావా, పనిలో ఉన్నవాణ్ణి వెనక నుంచి పిలిస్తే ఎవడు తిరుగుతాడు?

ఆ క్లిప్పు బయటికొస్తే ఏమవుతుందో తెలుసా? ఊదకుండా మనిషి కాలు తీసినవాడు త్రికోటేశ్వరరావు అంటారు. నరసింహారావు ఒక్క క్షణం కూడా నా పక్కన నిలబడడు. మీ నాన్న కాళ్లూ గడ్డమూ పట్టుకుని నిన్ను ఆ చదువుకు పంపింది ఇందుకేనా?

దీపావళి బాగానే జరిగింది.

త్రికోటేశ్వరరావు


హైదరాబాద్
నవంబరు 4

మామయ్యా,

క్లిప్పు తీసెయ్యలేదు. తీసెయ్యను.

ఫరీద్ సార్ దగ్గరికి వెళ్లి నేను చేసింది చెప్పాను. ఆయన తిట్టలేదు. "మైకు తప్పు చేసిందని ఎలా తేల్చుకున్నావు?" అని మాత్రం అడిగారు. ఇచ్చిన మార్కులు కొట్టేశారు. తర్వాత ఇద్దరం కూర్చుని సోమవారం సౌండ్ మొదటి నుంచి విన్నాం. అందులో నరసింహారావు ఎవరినో బూతులు తిట్టడం ఉంది. టిప్పర్ రివర్స్ చప్పుడు ఉంది. నీ చెప్పుల కింద కంకర నలగడం కూడా ఉంది. నా మైకు చెడిపోలేదు మామయ్యా. నీ చెప్పుల చప్పుడు పట్టినది నీ ఈలను వదిలేస్తుందా?

నువ్వు నాతో అబద్ధం ఆడుతున్నావని నమ్మాల్సి వస్తోంది. చిన్నప్పటి నుంచి నేను అలా అనుకోని మనిషివి నువ్వొక్కడివే. నిన్న హీనా పిన్నికి ఫోన్ చేశాను. నా పేరు చెప్పగానే పెట్టేసింది.

పదో తారీకు బయల్దేరి వస్తున్నాను. నువ్వు వద్దన్నా వస్తాను.

వెన్నెల


రెంటచింతల
నవంబరు 7

అమ్మా వెన్నెలా,

దీపావళి బాగానే జరిగిందని రాశాను. అది అబద్ధం.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ప్రమిదలో నూనె పోస్తున్నాను. పక్కింటి వాళ్లు నా వెనకే లక్ష్మీబాంబు అంటించారట. సందులో కుక్కలు కూడా పారిపోయాయట. నేను నూనె పోస్తూనే ఉన్నాను. తలెత్తితే మీ అత్త గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అన్నాళ్లూ నన్ను పలకని మొండివాడని తిట్టుకుందట పిచ్చిది.

నాకు వినపడదు తల్లీ. నాలుగేళ్లయింది. మొదట ఎడమ చెవి, తర్వాత కుడిది. పేలుళ్లు, క్రషర్, ఏదైతేనేం. క్వారీలో అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం కాబట్టి ఎవరికీ తెలియలేదు. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తనిది అందుకే. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం. నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను. ఊదాల్సింది నేను, వినాల్సింది వాళ్లు, ఊదేవాడికి చెవులెందుకు అని. నాలుగేళ్లు ఆ మాట మీదే బతికాను.

సోమవారం నేను ఊదాను. మా అమ్మ మీద ఒట్టు. కానీ చప్పుడొచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ సంగతి ఒప్పుకోలేకే నీ మీద అరిచాను.

ఆ రోజు నుంచి బ్లాస్టింగ్ ఆపేశారు. ఈల ఇంట్లో మేకుకే వేలాడుతోంది, ఎవరూ ముట్టలేదు. ఇక్కడ ఎవరి చేతికిచ్చి ఊదమన్నా నా మొహం చూసి జవాబు చెబుతారు. అందుకని దాన్ని ఈ ఉత్తరంతోపాటు బస్సు కార్గోలో వేయిస్తున్నాను, రేపటికి అందుతుంది. ఊది చూడు. ఉన్నదున్నట్టు చెప్పు. నా మీద జాలిపడి మాట మార్చావంటే నిన్ను క్షమించను.

మామయ్య


నవంబరు 10
మాచర్ల బస్సులో

మామయ్యా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, నీ చేతికే ఇస్తాను. గట్టిగా మాట్లాడితే ఊరంతా వింటుంది, మెల్లగా మాట్లాడితే నీకు వినపడదు. బస్సు కుదుపుల్లో అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువు.

శుక్రవారం సాయంత్రం ఈల అందింది. హాస్టల్ టెర్రస్ మీదికి వెళ్లి ఊదాను. గాలి వచ్చింది. బుస్సుమని గాలి ఒక్కటే. మళ్లీ ఊదాను, బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదాను. ఈల రాలేదు.

నువ్వు ఊదావు మామయ్యా. నువ్వు అబద్ధం చెప్పలేదు. మౌలాలీ బాబాయీ చెప్పలేదు. మైకూ చెప్పలేదు. చెప్పింది నేనొక్కదాన్నే.

ఇక్కడితో ఆపేయాలని ఉంది. ఆపితే నువ్వు నన్ను ఎప్పటికీ ఏమీ అనవు. కానీ ఉన్నదున్నట్టు చెప్పమన్నావు. ఎందుకు పలకడం లేదో చూద్దామని కన్నంలో పిన్నీసు పెట్టి గీకాను. లోపలుండే గింజ కదలకుండా అతుక్కుపోయి ఉంది. దాని చుట్టూ గట్టిపడి, రాలుతున్నది రాతిపొడి అనుకున్నాను. తెల్ల కాగితం మీద దులిపి చూశాను. పసుపు.

ఆయుధపూజ క్లిప్పు తీసి విన్నాను. మొదటిసారి నువ్వు వేలి కొసతో ఒక్క బొట్టు పెట్టావు. అప్పుడు నా గొంతు వినపడింది. "ఇంకొంచెం పెట్టు మామయ్యా, కెమెరాలో పడట్లేదు." నువ్వు నా మొహం చూసి, అర్థం చేసుకుని, నవ్వి, తడి పసుపు గుప్పెడు తీసి ఈలంతా పూశావు. శని, ఆదివారాలు పని లేదు. అది లోపల ఎండింది. ఆ తర్వాత నువ్వు మొదటిసారి ఊదింది సోమవారమే.

షాట్ బాగుండాలని పసుపు పూయించింది నేను. ఈల రాకపోతే తెచ్చి అతికించింది నేను. రెండూ ఒక మూడు నిమిషాల సినిమా కోసం. మౌలాలీ బాబాయి కాలు ఎలా తెస్తాను మామయ్యా?

రెండు క్లిప్పులూ ఫోన్లో ఉన్నాయి. ఈలను కాగితంలో చుట్టి తెస్తున్నాను, పసుపు తుడవలేదు. రేపు ఆఫీసరు ముందు అన్నీ పెడతాను. నువ్వు రాకపోయినా నేనేమీ అనుకోను. నీ చెవుల సంగతి నేను చెప్పను, అది నీ ఇష్టం.

వెన్నెల


రెంటచింతల
నవంబరు 15

వెన్నెలకు,

నువ్వు వెళ్లాక ఇల్లు సద్దుమణిగింది. ఈ మాట నేను రాస్తే మీ అత్త చదివి నవ్వింది, నాకెప్పుడూ సద్దు లేదు కదా అని. ఆమె నవ్వి చాలా రోజులైంది, అందుకే కొట్టెయ్యకుండా ఉంచాను.

విచారణలో నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నీ పెదవులే చూశాను. నువ్వు ఏదీ దాచుకోలేదు. నువ్వు కూర్చోగానే నేను లేచి "నాకు నాలుగేళ్లుగా ఇనపడదు సార్" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో తెలియదు, అందరూ ఉలిక్కిపడ్డారు. నరసింహారావు మొహం నువ్వు చూడలేదు, ఆఫీసరును చూస్తున్నావు.

తర్వాత జరిగింది రాస్తున్నాను. మౌలాలీది తప్పన్న మాట ఆఫీసరు కాగితంలోంచి తీసేశారు. క్వారీ బాధ్యత ఎంతన్నది పైవాళ్లు తేలుస్తారట. చెవులు పరీక్ష చేయించకుండా నన్ను ఆ పనిలో ఎందుకు ఉంచారని యజమానిని అడిగారు. నా పని పోయింది. నా మీద కేసు ఉంటుందో లేదో ఇంకా తెలియదు. భయంగానే ఉంది, కానీ రాత్రి నిద్రపడుతోంది.

నిన్న ఆ గిన్నె తీసుకుని మౌలాలీ ఇంటికి వెళ్లాను. హీనా తలుపు తీసింది. గిన్నె తీసుకోలేదు, వెళ్లమని కూడా అనలేదు. లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. మౌలాలీ నా మొహానికి ఎదురుగా తిరిగి, నాకు అర్థమయ్యేలా నిదానంగా మాట్లాడాడు.

"ఈల రాలేదని నేను మొత్తుకుంటన్నా, ఎవురూ ఇనలా. అదట్టా ఉంచు. మీ అమ్మాయి సినిమాలో ఈల ఇనపడేతలికి నా చెవులే పోయినయ్యేమో అనుకున్నా. నా తప్పుతోనే నా కాలు పోగొట్టుకున్నా అనుకుని హీనా మొహం చూళ్లేకపోయా. చానా ఏడిచినా త్రికోటయ్యా." కాలు పోయినదానికి ఏడవని మనిషి దీనికి ఏడ్చాడు తల్లీ.

పసుపు సంగతి నువ్వే అతనితో చెప్పి వెళ్లావట. నేనైతే చెప్పగలిగేవాణ్ణి కాదు. నిన్ను క్షమించానని అతను అనలేదు. నేను అడగలేదు. ఆ చదువు మానేస్తానని మీ అమ్మతో అన్నావట. మానొద్దు. ఇంత తెలిశాక మానేస్తే తెలిసిందంతా వృథా.

వచ్చేముందు మౌలాలీ తన ఫోను తీసి, నువ్వు పంపిన రెండు సినిమాలూ నా పక్కన పెట్టి వేశాడు. ముందు ఈల ఉన్నది, తర్వాత లేనిది. రెండింట్లోనూ నేను జెండా ఎత్తాను, బుగ్గలు ఉబ్బించాను, దుమ్ము లేచింది. నాకు రెండూ ఒకటే. అందుకని ఫోను చూడడం మానేసి మౌలాలీ మొహం చూశాను. మొదటిది ఆడుతుంటే అతను కళ్లు మూసుకున్నాడు. రెండోది ఆడుతుంటే తెరిచే ఉన్నాడు. దాన్ని మళ్లీ వేశాడు, మళ్లీ విన్నాడు. వంటింట్లోంచి హీనా వచ్చి, అతని వెనక నిలబడి తనూ వింది.

మామయ్య